నిలుపమ్మ పేరు నిలిచిన కథ

అక్షతలు చేతబట్టి, నోరు కట్టుకొని వినుడు.

పూర్వమొకప్పుడు ఉప్పుటేటి ఒడ్డున తపస్సు చేసుకొను దీర్ఘశ్రవుడను ముని యొద్దకు కృశానుడను పడుచు ముని వచ్చి ఇట్లడిగెను. స్వామీ, ఈ తీరమున నడచి వచ్చుచుండగా ఒక ముసలిది తన మనుమరాలిని నిలుపమ్మా అని పిలిచినది. ఆ పేరు ఏ పురాణమునను వినలేదు. దాని అర్థమేమి, ఎవరు పెట్టిరి, ఇంత చిన్న పేరు పలుకునప్పుడు ఆ ముసలి దాని గొంతు ఏల వణకెను అని అడిగెను. దీర్ఘశ్రవుడు అడిగితివి గనుక చెప్పెదను, విన్నవాడవు మరువకుము అని చెప్పసాగెను.

తెల్లమడి అను ఊర పోలినాయుడను ఉప్పు పండించువాడు కలడు. అతని భార్య ఎర్రకమ్మ. ఆమెకు బిడ్డలు పుట్టుచుండిరి గాని నిలువకుండిరి. పుట్టినవారు పుట్టినట్లే పోయిరి. ఒక జ్యేష్ఠమాసమున, మిట్టమధ్యాహ్నము, ఎర్రకమ్మ నిండు చూలాలై మడిలో ఉప్పు పోగు చేయుచుండగా ఒక స్త్రీ గట్టుమీద వీపు త్రిప్పి నిలిచియుండెను. ఆమె జుట్టు ఉప్పు పేరుకొని తెల్లగా నుండెను. మొగము త్రిప్పకయే దాహమడిగెను. ఎర్రకమ్మ తన ముంతలోని మంచినీళ్ళన్నియు ఇచ్చెను. తనకు చుక్కయు మిగుల్చుకొనలేదు.

అప్పుడా స్త్రీ ఇట్లనెను. నేను నిలుపమ్మను. పోవు ప్రాణమును నిలుపుట నా పని. నీ కడుపున ఆడపిల్ల పుట్టును. దానికి నా పేరు ఎరువిచ్చుచున్నాను. దినమున కొక్కమారైన ఎవరో ఒకరు దానినా పేరు పెట్టి పిలువవలెను. ఇంటిలోనివారు పలుకుట మానిన ఆడదాని పేరు ఏదైనను నా సొత్తు. ఆ పేరు నేను పలికెదను. నేను పలికిన పేరు గలది నా వెంట వచ్చును అని చెప్పి, మడిలోని తెలుపులో కలిసిపోయెను.

ఆడపిల్ల పుట్టెను, నిలిచెను. నిలుపమ్మ అని పేరు పెట్టిరి. తల్లి మాట మాటకు ఆ పేరు పలుకుచుండెను. పిల్ల విసుగుకొనెడిది. "ఎన్నిమార్లు పిలుస్తావే, ఈడనే ఉన్నాను గదా" అనెడిది. "ఉన్నావు గదా, ఆ మాటే సెప్పు. అది సాలు" అని తల్లి అనెడిది.

పిల్ల ఎదిగెను. రావిణిపట్నమున ఓడలమీద ఉప్పు నంపు గవరనాయుడను ధనవంతుని కుమారుడు సూరినాయుడు ఆమెను మడిగట్టుపై చూచి, ఆమెనే పెండ్లాడెదనని పట్టుబట్టెను. పెండ్లి జరిగెను. పీటలమీద పురోహితుడు పెండ్లికూతురి పేరు చదువునప్పుడు సూరినాయుడు తలపాగా సరిచేసికొనుచుండెను. అతడా పేరు వినలేదు.

ఆ ఇంట ఒక ఆచారము కలదు. కోడలు గడపదాటి రాగానే పళ్ళెరములో బియ్యము పోసి, ఉంగరముతో కొత్త పేరు వ్రాసి, పాతపేరు నాటితో విడుచుదురు. ఆ ఇంట అడుగుపెట్టిన ఆడదానికి బంగారము పేరో రత్నము పేరో ఉండవలెను. అత్తగారైన రత్నాంబ కోడలికి కనకాంబ అని వ్రాసెను.

అంతకుముందు అప్పగింతలవేళనే ఎర్రకమ్మ వియ్యపురాలిని చాటుకు పిలిచి, తన మడిలో జరిగినదంతయు చెప్పి కాళ్ళుపట్టెను. "వదినా, తిట్టండి, కొట్టండి, రోజుకొక్కపాలి పేరెట్టి తిట్టండి. అంతే నే నడిగేది" అనెను.

రత్నాంబ సరేననెను. ఇంటికి పోయి ఎవరికిని చెప్పలేదు. కోడలితో మాత్రము, "ఉప్పుమడి పేరు ఉప్పుమడిలోనే వదిలీసి రావాల. మా వీధరుగు మీద కూకున్నోళ్ళు వింటే నవ్వరేటే?" అనెను.

సూరినాయుడు భార్యను కనకాంబ అనియు పిలువలేదు. ఏయ్ అనును, ఇదిగో అనును. చావిడిలో చెలికాండ్రు, "సూరీ, నీ పెళ్ళాం పేరేటిరా?" అని అడిగిన, "పెళ్ళామే దాని పేరు" అని నవ్వెను. అందరును నవ్విరి. లోపల ఆమె వినెను.

అయినను కొంతకాలమేమియు కాలేదు. ఏలయనగా తెల్లమడిలో ఎర్రకమ్మ దినమును పట్నము దిక్కు తిరిగి కూతురి పేరు పిలుచుచుండెను. పోలినాయుడు అంతకుముందే పోయియుండెను. ఒక జ్యేష్ఠమున ఎర్రకమ్మయు మరణించెను. ఆపై లోకమున ఆ పేరు పలుకు నోరు లేకపోయెను.

కర్మలు ముగిసిన పిదప ఒకనాటి మధ్యాహ్నము కోడలు మజ్జిగ చిలుకుచుండగా వీధిగుమ్మమున తల్లి గొంతు వినబడెను. నిలుపమ్మా అనెను. ఆమె కవ్వము విడిచి లేచెను. ఆ పిలుపు మరియెవరికిని వినబడలేదు. చిలుకుచున్న పెరుగు కుండలోనే విరిగెను. ఆమె భర్తతో చెప్పెను.

"సచ్చిన మీ యమ్మేటి పిలుస్తాది? ఎండదెబ్బ తగిలుంటాది. మజ్జిగ తాగి తొంగో" అని అతడు గొడుగు తీసికొని రేవుకు పోయెను.

మరల పిలుపు వచ్చెను. ఆమె నడవదాటి ముంగిట నిలిచెను. ఆనాడు పెరటి బావినీరు ఉప్పనయ్యెను. ఇంకొకమారు వచ్చెను. ఆమె వీధిగుమ్మము పట్టుకొని ఏడ్చెను. ఆనాడు రేవున నిలిచిన ఓడలలోని ఉప్పంతయు కరిగి నీరై కారిపోయెను. గవరనాయుడు శాంతులు చేయించెను, దిష్టి తీయించెను. రత్నాంబకు కారణము తెలిసియుండెను. ఆమె దేవుని గదిలో తలుపువేసికొని కూర్చుండెను. నలుగురిలో తన తప్పు బయటపడునని నోరు విప్పలేదు.

పిదప ఒకనాడు పిలుపు రాగానే కోడలు గుమ్మము దాటిపోయెను. వీధివారు చూచి కేకలు వేసిరి. సూరినాయుడు రేవు విడిచి పరుగెత్తుకొని వచ్చుసరికి ఆమె ఊరి వెలుపలి మడులలో మోకాలిలోతు బురదలో దిగియుండెను. ఆమె ముందు తెల్లజుట్టుగల స్త్రీ యొకతె వీపు త్రిప్పి నడచుచుండెను.

అతడు ఏయ్ అని కేకవేసెను. ఆమె తిరుగలేదు. ఇదిగో అనెను. తిరుగలేదు. కనకాంబా అని గొంతు చించుకొనెను. ఆమెకది ఎవరి పేరో వలె వినబడెను గాబోలు, మరియొక అడుగు వేసెను. నడుములోతయ్యెను. అప్పుడతనికి భార్య పేరు తనకు తెలియదని తెలిసెను.

అతడు వెనుదిరిగి, తండ్రితోను ఊరివారితోను పరుగున వచ్చి గట్టుమీద నిలిచిన తల్లిని చూచి, "అమ్మా, దాని పేరేటే? అమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను, దాని పేరేటే?" అని ఏడ్చెను.

రత్నాంబ ఊరివారివంక చూచెను. కోడలివంక చూచెను. నీరు ఆమె రొమ్ముదాక వచ్చియుండెను. అప్పుడు రత్నాంబ గట్టుదిగి, "నిలుపమ్మా! ఒసే నిలుపమ్మా! ఇంటికి రాయే, నా తల్లీ!" అని పిలిచెను.

కోడలు తిరిగెను. "ఉన్నానత్తా" అనెను. సూరినాయుడు దిగి ఆమెను పట్టి ఒడ్డుకు చేర్చెను.

ముందు నడుచు స్త్రీ నిలిచెను. వచ్చినది ఒట్టిచేతులతో పోదు. ఆమె మరియొక పేరు పలికెను. అది రత్నాంబకు తప్ప ఒక్కరికిని వినబడలేదు. విన్నంతనే రత్నాంబ మొగము చిన్నపిల్ల మొగమువలె నయ్యెను. "ఓయ్, వస్తన్నా" అని నవ్వి, నడువసాగెను.

గవరనాయుడు రత్నాంబా అని పిలిచెను. అది ఆమె కోడలై వచ్చిననాడు గవరనాయుని తల్లి బియ్యములో వ్రాసిన పేరు. ఆమె తిరుగలేదు. కొడుకు అమ్మా అని పిలిచెను. తిరుగలేదు. కోడలు అత్తా అని పిలిచెను. ఆ పిలుపులలో ఒక్కటియు ఆమె పేరు కాదు. గవరనాయుడు పరుగున దిగి పట్టుకొనబోవగా చేతికి ఉప్పు చిక్కెను. అంతయు తెలుపు. శవమును దొరకలేదు.

కర్మనాడు పురోహితుడు చనిపోయినదాని పేరడిగెను. గవరనాయుడు రత్నాంబ యనెను. పిండము పెట్టిరి. కాకి వచ్చి గోడపై వాలెను, చూచెను, ముట్టలేదు. మరల పెట్టిరి. ముట్టలేదు. అతడు భార్య పుట్టినింటి ఊరికి పోయి అడిగెను. ఎరిగినవారందరు పోయియుండిరి. చూపులేని ముసలి దొకతె మాత్రము, "ఆ ఇంటి ఆఖరి పిల్లా? చిన్నీ అనేవోళ్ళం నాయనా. అసలు పేరు నాకేటి తెలుస్తాది. మొగుడివి, నీకు తెలీదా?" అనెను. అతడు వెడలివచ్చెను.

అప్పుడు కోడలు, మడిలోని స్త్రీని గూర్చి తన తల్లి చెప్పిన మాటలన్నియు, అంతవరకు ఆ ఇంట వినువారు లేని మాటలు, చెప్పెను. గవరనాయుడు బియ్యపు పళ్ళెరము తెచ్చి కడిగి, అందులో ఉప్పు పోసి దీపము పెట్టెను. నీ భార్యను ముంగిట నిలిపి, గడపలోపల నిలిచి, పుట్టింటి పేరుపెట్టి ముమ్మారు పిలువుమని కొడుకును ఆజ్ఞాపించెను. సూరినాయుడట్లే పిలిచెను. ఆమె ఉన్నాననుచు లోనికి వచ్చెను. ఆ సాయంకాలమే బావినీరు తీయనయ్యెను. ఓడలు నిండెను. కడుపులు పండెను. గవరనాయుడు పెట్టిన పిండమును మాత్రము కాకి ఎన్నడును ముట్టలేదు.

అతని తమ్ముడు లచ్చుమునాయుడు ఈ వ్రతమును చూచి, "పెళ్ళాన్ని పేరెట్టి పిలిస్తే ఆయుస్సు తగ్గిపోతాదట, అన్నా" అని పరిహసించెను. మరుసటి జ్యేష్ఠమున అతని బావి ఉప్పనయ్యెను, భార్య వీధిగుమ్మము దాకా నడిచెను. అతడు చెప్పులు లేక పరుగెత్తి, దారికి అడ్డము పడి, పేరు ఆమెనే అడిగి, పలికి బ్రతికించుకొనెను. అతడు మరల పరిహసించలేదు.

అది మొదలు ఈ తీరమున బిడ్డలు నిలువని ఇంటనెల్ల ఆడపిల్లకు నిలుపమ్మ యని పేరుపెట్టిరి. నిలుపమ్మ లేని వీధి లేకుండెను. పిదప భయము తగ్గెను. భయము తగ్గగానే పేరు మోటుగా తోచెను. మార్చుకొనిరి. ఇప్పుడు తీరము పొడవున పిలుచుచు పోయినను తిరిగి చూచువారు అరుదు. ఆ ముసలిదాని గొంతు అందుకు వణకినది అని దీర్ఘశ్రవుడు చెప్పగా, కృశానుడు లేచి, సెలవైన నడుగక, తన ఆశ్రమమునకు త్వరపడి పోయెను. అచట అతని భార్య యుండెను.

కావున బిడ్డలు నిలువనివారును, కొత్త కోడలిని తెచ్చుకొన్నవారును, కోడలికి పేరు మార్చినవారును, భార్యను ఏయ్ అని పిలుచువారును జ్యేష్ఠ బహుళాష్టమి మధ్యాహ్నమున ఈ వ్రతము చేయవలెను. చేసిన వారి బావి ఎండదు, పాడి తప్పదు, కడుపు పండును, పోయిన సొమ్ము తిరిగి వచ్చును. పోయిన మనిషి తిరిగి రాదు. అది ఈ వ్రతములో లేదు.

ఇప్పుడు పీటలమీది మగవారు అక్షతలు వేయుటకు ముందు తమ భార్యల పుట్టింటి పేరు పైకి పలుకవలెను. తెలియనివారు సిగ్గువిడిచి ఇప్పుడే అడుగుడు. ఎదురుగా కూర్చున్నది గనుక చెప్పును. తరువాత అడిగిన, కాకి చెప్పదు.