విమానంలో పడిన దువ్వెన

తెనాలిలో పానకాలరావు అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన వల్ల ఏ పొరపాటు జరిగినా ఆ నెపం ఎప్పుడూ పక్కవాళ్ల మీదే పడేది. ఆయన చేయి తగిలి గ్లాసు పగిలితే, దాన్ని అక్కడ పెట్టినవాళ్లది తప్పు. స్కూటరు తాళం ఆయన పారేసుకుంటే, గుర్తు చేయని భార్య హైమావతిది తప్పు. ఆరేసిన బట్టలు వానకు తడిస్తే మాత్రం ఎవరిని అనాలో తెలియక కాసేపు ఆలోచించి, టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయిని అనేవాడు. మిగతా విషయాల్లో మంచివాడే. కూతురు ప్రణతి అంటే ఆయనకు ప్రాణం.

ప్రణతికి విమానాలంటే పిచ్చి. అందుకని ఒక ఆదివారం ముగ్గురూ ఊరికి దూరంగా, పాత రన్‌వే పక్కనున్న విమానాల మ్యూజియం చూడటానికి వెళ్లారు. అక్కడ జీతానికి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. విమానాల మీద ప్రేమ ఉన్నవాళ్లే సెలవు రోజుల్లో వచ్చి, పాత విమానాలను తుడిచి, బాగుచేసి, వచ్చినవాళ్లకు చూపించేవాళ్లు. ఒకాయన రెక్క కింద వెల్లకిలా పడుకుని రంగు వేస్తున్నాడు. ఆయన భార్య ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పెడుతోంది.

ఆ రోజు అక్కడ పెళ్లివారి సందడిలా ఉంది. చాలా ఏళ్లుగా కదలకుండా పడి ఉన్న ఒక చిన్న శిక్షణ విమానాన్ని వాళ్లు బాగుచేశారు. మధ్యాహ్నం దాన్ని రన్‌వే మీద నడిపించబోతున్నారు. ఎగరదు, నేల మీదే ఆ చివరి దాకా వెళ్లి తిరిగొస్తుంది. నడిపేది ఇస్రాయేలు గారు. ఆయన వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ప్రణతి అడిగే ప్రశ్నలకు ఆయన మురిసిపోయి, "బయల్దేరేటప్పుడు పచ్చజెండా నువ్వే ఊపాలమ్మా" అన్నాడు. ఇక ప్రణతి కాళ్లు నేల మీద నిలవలేదు.

అంతకు ముందు, ఇష్టమున్నవాళ్లు కాసేపు విమానంలో కూర్చోవచ్చు. కానీ ఒక నియమం ఉంది. ఎక్కేవాళ్లు జేబుల్లో ఉన్నవన్నీ తీసి, సెలవుల్లో అక్కడ సాయం చేసే సుగుణ టీచరు పట్టుకున్న పళ్లెంలో పెట్టాలి. పెన్నూ, తాళాలూ, చివరికి చాక్లెట్టు కాగితం కూడా. లోపల ఏది జారిపడినా ప్రమాదమే.

పానకాలరావు అన్నీ పెట్టాడు, ఒక్క దువ్వెన తప్ప. ఆయన నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకలనూ ఈ చెవి నుంచి ఆ చెవికి పరిచి కాపాడుకుంటూ వచ్చేది ఆ దువ్వెనే. విమానంలో ఫొటో దిగాలి కదా! "దువ్వెన వల్ల విమానానికి ఏమవుతుందిలే" అనుకుని, దాన్ని ప్యాంటు వెనక జేబులోనే ఉంచుకున్నాడు. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో ప్రణతి కూర్చున్నారు. హైమావతి ఫొటో తీసింది. ఇద్దరూ దిగారు.

జనం రన్‌వే పక్కన కట్టిన తాడు అవతల నిలబడ్డారు. ఇస్రాయేలు గారు టోపీ పెట్టుకుంటున్నాడు. అప్పుడు గాలి వీచి పానకాలరావు జుట్టు లేచింది. చేయి అలవాటుగా వెనక జేబులోకి పోయింది. జేబు ఖాళీ! దువ్వెన విమానంలోనే పడిపోయి ఉంటుంది.

చెప్పాలి. చెబితే ఇంతమందిలో పరువు పోతుంది. చెప్పకపోతే ఆ పెద్దాయనకు ఏమవుతుందో! ఒక్క క్షణం తటపటాయించి, పాత అలవాటునే పట్టుకున్నాడు. చిన్నపిల్లను ఎవరేమంటారు, వెతికితే దువ్వెన ఎలాగూ దొరుకుతుంది అనుకున్నాడు.

"ఆగండాగండి! మా అమ్మాయి జడపిన్ను లోపల పడేసుకున్నట్టుంది" అని అరిచాడు.

"నేనా? నేనేం పడేయలేదు నాన్నా!" అంది ప్రణతి.

"పడే ఉంటుందిలే. నీకన్నీ నిర్లక్ష్యమే" అన్నాడు పానకాలరావు.

అందరూ ప్రణతి వంక చూశారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. చేతిలోని పచ్చజెండాను సుగుణ టీచరుకు ఇచ్చేసి, తల్లి కొంగు చాటుకు వెళ్లి నిలబడింది.

ఇద్దరు మనుషులు వెనక సీటంతా గాలించారు. ఏమీ దొరకలేదు. సుగుణ టీచరు ప్రణతి జడ చూసింది. పిన్నులన్నీ ఉన్నాయి.

"ముందు సీట్లో కూర్చున్నది మీరే కదండీ. మీరు జేబులన్నీ ఖాళీ చేశారుగా?" అని అడిగాడు ఇస్రాయేలు గారు.

"ఆ... చేశానండీ" అన్నాడు పానకాలరావు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

"అయితే మీరు పొరబడి ఉంటారు. ఏం ఫర్వాలేదు, బయల్దేరదాం" అని ఇస్రాయేలు గారు విమానం ఎక్కబోయాడు.

పానకాలరావుకు అప్పుడు అర్థమైంది. తను చెప్పిన అబద్ధమే అంతా బాగుందని అందరినీ నమ్మించింది! కూతురు వంక చూశాడు. ఆ పిల్ల చప్పుడు చేయకుండా ఏడుస్తోంది. ఇక ఆయన ఉండబట్టలేకపోయాడు. తాడు కింద నుంచి దూరి పరుగెత్తాడు.

"ఎక్కొద్దండీ! పడింది నా దువ్వెన. పళ్లెంలో పెట్టకుండా దాచుకున్నాను. మా అమ్మాయి తప్పేమీ లేదు. అబద్ధం చెప్పింది నేను" అన్నాడు.

జనం గుసగుసలాడుకున్నారు. ఇస్రాయేలు గారు ముందు సీటు కిందికి వంగి, టార్చిలైటు వేసి చాలాసేపు వెతికాడు. విమానాన్ని పక్కకు తిప్పడానికి కాలితో తొక్కే పెడలు కింద, నల్లటి దువ్వెన ఇరుక్కుని ఉంది. అది అలాగే ఉంటే విమానం తిప్పినవైపు తిరిగేది కాదు. తాడు అవతల ముందువరుసలో అంతా పిల్లలే.

"తిట్టండి సార్, పడతాను" అన్నాడు పానకాలరావు తల దించుకుని.

"మా దగ్గర తిట్లు లేవండి. ఇవాళ మిమ్మల్ని తిడితే రేపు ఇంకొకరు చెప్పడానికి జంకుతారు" అన్నాడు ఇస్రాయేలు గారు. గోడ పక్కన ఉన్న అద్దాల పెట్టె చూపించాడు. అందులో మ్యూజియం వాళ్లు విమానాల్లో మరిచిపోయిన వస్తువులు, మరిచినవాళ్ల పేర్లతో సహా ఉన్నాయి. "ఆ స్క్రూడ్రైవరు నాదే. మీ దువ్వెన కూడా దాని పక్కనే పెడదాం, మీకు అభ్యంతరం లేకపోతే."

పానకాలరావు సరేనని తల ఊపి, కూతురు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తప్పు నాదమ్మా" అన్నాడు.

"మొదటే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"భయమేసింది."

"ఎందుకు?"

"ఇంతమందిలో పరువు పోతుందని. నువ్వేమనుకుంటావోనని."

ప్రణతి ముక్కు తుడుచుకుంది. "నేనేమీ అనుకునేదాన్ని కాదు. నా మీద చెప్పినందుకే ఏడుపొచ్చింది" అంది.

ఆ మాట పానకాలరావు మనసులో నాటుకుపోయింది. కూతుర్ని దగ్గరికి తీసుకుని, అంతమందిలోనూ కళ్లు తుడుచుకున్నాడు. హైమావతి ఆయన భుజం మీద చేయి వేసింది.

కాసేపటికి ప్రణతి పచ్చజెండా ఊపింది. విమానం దడదడమంటూ కదిలి, రన్‌వే చివర చక్కగా మలుపు తిరిగి వచ్చింది. దాని గాలికి పానకాలరావు జుట్టంతా చెదిరి బట్టతల బయటపడింది. ఆయన పట్టించుకోకుండా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

పిల్లలూ, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దాన్ని మనదని ఒప్పుకుంటే సరిదిద్దే దారి దొరుకుతుంది, ఇంకొకరి మీదికి నెడితే ఆ పొరపాటు అలాగే ఉండిపోతుంది, మనల్ని నమ్మినవాళ్ల మనసు కూడా గాయపడుతుంది.