ఊఁ అన్నదెవరు?

అనగనగా, రాజులు తామే ఏలుతున్నామనుకుంటూ ఉండగా రాజ్యాలు వాటి దారిన అవి నడిచిపోయే కాలంలో, తుమ్మెదకోట అనే రాజ్యం ఉండేది. దానికి సుముఖుడనే మహారాజు. పేరుకు తగ్గ మనిషి. ఎవరు ఎదురైనా నవ్వేవాడు, ఎవరేం చెప్పినా వినేవాడు, ఎవరినీ నొప్పించేవాడు కాడు. ఇంత మంచి రాజు ఉన్నాక ప్రజలకు లోటేమిటి అంటారా? అక్కడికే వస్తున్నాను.

ఆ కోటలో ఒక వింత ఆచారం ఉండేది. సుముఖుడి ముత్తాత యుద్ధంలో గొంతుకు బాణం తగిలి మాట పోగొట్టుకున్నాడు. ఆయన నోట మిగిలింది ఒక్క "ఊఁ" మాత్రమే. వచ్చినవాళ్ళు తమ మాట చెప్పుకుని, చివర "అని మా విన్నపం" అనేవాళ్ళు. రాజు "ఊఁ" అంటే అది శాసనం. సింహాసనం వెనక ఒక మందపాటి తెర, తెర వెనక ఒక మనిషి. విన్నపం వెంట ఊఁ వినబడిందంటే చాలు, అతను వెళ్ళి డప్పుల వాళ్ళకు చెప్పేవాడు. ఇక ఊరూరా దండోరా మోగేది.

ముత్తాత పోయాడు. గొంతు బాగున్న రాజులు వచ్చారు. ఆచారం మాత్రం పోలేదు. రాజు ఎక్కడ కూర్చుంటే అక్కడికి ఆ తెర వచ్చేది, ఆ తెర వెనక ఆ మనిషి నిలబడేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. పెద్ద ఇళ్ళలో ఇలాంటివి చాలా ఉంటాయి, అడిగినవాళ్ళనే వింతగా చూస్తారు.

ఆ రాజ్యం పడమటి అంచున గొర్రెల కాపరుల గూడెం ఒకటి ఉండేది. గూడేనికి పెద్ద కొమురవ్వ. మందలో సగం జీవాలు ఆమెవే. మనసు వెన్నే కానీ మహా అనుమానపు మనిషి. ఎవరిచ్చిన మజ్జిగైనా వాసన చూడందే తాగదు. అల్లుడు వచ్చి దండం పెడితే, "ఏం కావాలె బిడ్డా?" అని అడుగుతుంది. పిల్లలు ఆమెను చాటుగా అనుమానాలవ్వ అనేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు వాళ్ళకు ఎవరు నేర్పారా అని దానిమీద కూడా అనుమానమే.

ఒక ఏడాది వర్షాలకు ముందు దండోరా వేశారు. "ఏటి మీద పడవలన్నీ ఆపాలి. ఇకమీదట ఒక్క రేవు నుంచే దాటాలి. ఇది రాజాజ్ఞ." పడవల వాళ్ళు లబోదిబోమన్నారు. మిగతావాళ్ళు, మనకు పడవలు లేవు కదా అని ఊరుకున్నారు.

వర్షాలు వెళ్ళాక ఇంకో దండోరా. "అడవి తేనె కోటలోనే ఇవ్వాలి. బయట అమ్మకూడదు. ఇది రాజాజ్ఞ." తేనె పట్టేవాళ్ళు గుండెలు బాదుకున్నారు. వాళ్ళే రాజుకు ఏవో చాడీలు చెప్పి తమ పడవలు ఆపించారని పడవల వాళ్ళకు అప్పటికే కోపం. తగిన శాస్తి జరిగిందని నవ్వారు.

ఎండలు ముదిరాక మూడో దండోరా. "పడమటి గుట్టకు కంచె వేశాం. గొర్రెలు ఎక్కకూడదు. ఇది రాజాజ్ఞ."

ఈసారి దెబ్బ కొమురవ్వ గూడేనికే తగిలింది. ఎండాకాలంలో ఆ గుట్ట మీద తప్ప ఎక్కడా పచ్చిక ఉండదు. ఆకలికి తల్లి గొర్రెల పాలు ఇంకిపోయాయి, గొర్రెపిల్లలు కాళ్ళు మడిచి కూలబడ్డాయి. ఇంకొంతకాలం ఇలాగే ఉంటే మంద మిగలదు, మంద లేకపోతే గూడెం మిగలదు.

మొదట ఆమెకు కంచె దగ్గర కాపలా ఉన్న తలారి మీద అనుమానం వచ్చింది. లంచం కోసం వీడే ఇదంతా కల్పించాడనుకుంది. వెళ్ళి నాలుగు మాటలతో దులిపేసింది.

తలారి పాపం తల వంచుకుని విన్నాడు. "అవ్వా, నా బర్రెలు గూడ ఈ గుట్ట మీదనే మేసేటియి. నా నోరు నేనే కొట్టుకుంటనా? పైనుంచి వచ్చింది, నిలబడ్డ. గంతే," అన్నాడు.

అయితే మంత్రే అయి ఉంటాడనుకుంది కొమురవ్వ. కోటకు నడిచి వెళ్ళి, నడివీధిలో మంత్రి పల్లకీకి అడ్డం పడింది. "ఓ మంత్రయ్యా! మా గుట్ట మింగి నీ కడుపు నిండిందా?" అని అరిచింది. జనం పోగయ్యారు. మంత్రి కంగారుపడి పల్లకీ దిగి, ఆమెను పక్కకు తీసుకుపోయాడు.

"అమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ ఆజ్ఞ సంగతి దండోరా విన్నాకే నాకూ తెలిసింది. మంత్రినై ఉండి తెలియదంటే పరువు పోతుంది. అందుకని తెలిసినట్టు తల ఊపుతుంటాను," అన్నాడు. ఆ ముఖం చూస్తే అబద్ధంలా లేదు. ఊరికే నోరు పారేసుకున్నానే అని కొమురవ్వ నొచ్చుకుంది. కానీ అనుమానం తీరలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

మంత్రి ఆమెను రాజుగారి ముందు నిలబెట్టాడు. సంగతి విని సుముఖుడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనెప్పుడన్నాను? గొర్రెలు మేస్తే నాకేం కష్టం? కంచె తీయించండి," అన్నాడు.

కొమురవ్వ దండాలు పెట్టి బయల్దేరింది. సగం దారి కూడా పోలేదు, వెనక నుంచి డప్పు వినిపించింది. "పడమటి గుట్టకు మళ్ళీ కంచె. ఇది రాజాజ్ఞ."

ఆమె అక్కడే వెనక్కి తిరిగింది. కోటకు వచ్చి రాజు ఎదుట నడుముకు చేతులు పెట్టుకుని నిలబడింది.

"దొరా, నువ్వు అనలేదు. మంత్రయ్య అనలేదు. తలారి అనలేదు. మరి గుట్టకు గుట్టే కంచె కట్టుకున్నదా?"

 రాజు సిగ్గుపడటం చూసి కొమురవ్వకు జాలేసింది. "ఒక్క దినం నీ ఎంబడి ఉంట. నువ్వు ఎవరితోటి ఏం మాట్లాడుతవో వింట. కాదనకు," అంది. కాదనడం సుముఖుడికి ఎలాగూ చేతకాదు.

మరునాడు పొద్దున్నుంచీ ఆమె రాజు వెన్నంటే ఉంది. కొలువులో విన్నపాలు జరిగాయి, గుట్ట మాటే రాలేదు. భోజనాల దగ్గర కూడా రాలేదు. సాయంకాలం రాజు తోటలో ఉయ్యాల బల్ల మీద వాలాడు. నౌకర్లు తెర తెచ్చి వెనక కట్టారు.

అప్పుడు ఆస్థాన కథకుడు మంజుభాషి వచ్చాడు. మనిషి పచ్చగా, మాట తియ్యగా ఉంటాడు. సుముఖుడి తండ్రికి మంజుభాషి తండ్రి కథలు చెప్పాడు, తాతకు తాత చెప్పాడు. యుద్ధాల్లో రాజులు పోయారు, కుట్రల్లో మంత్రులు పోయారు, కథకుడి మేడ మాత్రం ప్రతి తరానికీ ఒక అంతస్తు పెరిగింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కథలు చెప్పుకునేవాడితో ఎవరికేం భయం?

"పొద్దున్నుంచీ అలసిపోయావు, తాగు తల్లీ," అని ఆమెకు తేనె పానకం ఇచ్చాడు. కొమురవ్వ అలవాటుగా వాసన చూసింది. అడవి తేనె. రాజుగారి భోజనంలో కూడా ఇంత మంచి తేనె కనిపించలేదే అనుకుని, పాత్ర తాగకుండా పక్కన పెట్టింది.

కథ మొదలైంది. ఏనుగులు, మాయ తోటలు, ఏడు సముద్రాల అవతల యువరాణి. రాజుకు కళ్ళు మూతలు పడుతున్నాయి. కథ వింటున్నానని తెలియడానికి మాటమాటకూ ఊఁ కొడుతున్నాడు, మనమందరం కొట్టినట్టే. ఇంతలో కథలోకి ఎక్కడినుంచో ఒక ముసలి సన్యాసి వచ్చాడు.

"ఆ సన్యాసి రాజుతో ఏమన్నాడంటే, మహాప్రభూ, గొర్రెల డెక్కల కింద పడమటి గుట్ట అరిగిపోతోంది, దాని కంచె ఎన్నటికీ తీయకూడదు, ఆ గుట్టను మంజుభాషి వంశానికి కాపాడమని అప్పగించాలి, అని మా విన్నపం."

"ఊఁ," అన్నాడు రాజు.

తెర కదిలింది. వెనక అడుగుల చప్పుడు వినిపించి దూరమైంది. కథ మళ్ళీ యువరాణి దగ్గరకు వెళ్ళిపోయింది. సన్యాసి మళ్ళీ కనిపించలేదు. అతని పని అయిపోయింది మరి.

కొమురవ్వ ఒళ్ళు మండిపోయింది. ఆ ఒక్క రేవు సుంకం ఎవరి చేతికి పోతోందో, కోటకు వచ్చిన తేనె ఎవరి ఇంట దిగుతోందో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. అప్పుడే లేచి అరవాలనిపించింది. కానీ అరిస్తే ఏమవుతుంది? ఆ తియ్యటి నోరు ఇంకో కథ అల్లుతుంది, రాజు దానికీ ఊఁ అంటాడు. తెర వెనక మనిషి తిరిగి వచ్చేదాకా ఆమె కోపం దిగమింగుకుని కూర్చుంది.

"దొరా, నాకు గూడ ఒక కత వస్తది. చెప్పాల్నా?" అంది.

రాజు సరదాపడి చెప్పమన్నాడు. మంజుభాషి కూడా చిరునవ్వు నవ్వాడు.

"ఒక ఊర్ల ఒక రాజు. ఆయన బంగారమసొంటి మనిషి."

"ఊఁ."

"ఆయన తాన కతలు చెప్పెటాయన ఒకడు. ఆయనకు ఆకాశమంత మేడ."

"ఊఁ."

"ఒకనాడు ఒక గొర్రెపిల్ల రాజు తానకు వచ్చింది. వచ్చి ఏమన్నదీ అంటే, అయ్యా, మా గుట్ట పోయింది, మాకు నిలువ నీడ లేదు, మంజుభాషి మేడ మా దొడ్డి చెయ్యాలె, ఆయన తోటంత మాకు మేతకియ్యాలె, అని మా విన్నపం."

రాజు పకపకా నవ్వి, "ఊఁ!" అన్నాడు.

తెర కదిలింది. అడుగుల చప్పుడు మొదలైంది.  మంజుభాషి ఒక్క గెంతున లేచి తెర వైపు పరుగెత్తాడు.

"ఆపండి! డప్పు కొట్టకండి! అది కథకు కొట్టిన ఊఁ, ఆజ్ఞ కాదు!"

 సుముఖుడు ఉయ్యాల మీద మెల్లగా లేచి కూర్చున్నాడు. బహుశా పుట్టాక మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు.

"మంజుభాషీ, కథకు కొట్టిన ఊఁ ఆజ్ఞ అవుతుందని నీకెలా తెలుసు?"

మంజుభాషి మెల్లగా తోట గుమ్మం వైపు జరిగాడు. 

రాజు తెర వెనక మనిషిని ముందుకు రమ్మన్నాడు. ఎన్నేళ్ళుగానో చీకట్లో ఉన్న ఆ ముసలివాడు వెలుతురుకు కళ్ళు చికిలించాడు. "ఏలినవారు మన్నించాలి. విన్నపం వినబడాలి, ఊఁ వినబడాలి, అంతే నాకు చెప్పింది. ఎవరు ఎందుకంటున్నారో చూడటానికి తెరకు చిల్లు లేదు," అన్నాడు.

రాజు మండిపడ్డాడు. "చూశావా అవ్వా, వీడు నా రాజ్యాన్ని ఎలా దోచుకున్నాడో!"

కొమురవ్వ ఆయన్ను సూటిగా చూసింది. "ఆయన చెప్పిండు, నిజమే. ఊఁ అన్నది నువ్వే కద దొరా."

ఆ మాట బాణంలా తగిలింది.  సుముఖుడు లేచి నిలబడి, తెరను తన చేతులతో లాగి పారేశాడు. "పడమటి గుట్ట కంచె తీయండి. పడవలు తిరగనీయండి. తేనె ఎవరిది వారు అమ్ముకోనీయండి. ఇది నేను చెబుతున్న మాట," అన్నాడు.  మంజుభాషిని రాజ్యం ఎల్లలు దాటించారు. గొర్రెలు గుట్టెక్కాయి.

కథకుడి పీఠం తీసుకోమని రాజు కొమురవ్వను బతిమాలాడు. ఆమె చేతులు జోడించింది. "వద్దు దొరా. నువ్వు రోజూ ఊఁ అంటుంటే, ఏదో ఒకనాడు నాకూ ఒక గుట్ట కావాలనిపిస్తది," అని చెప్పి ఇంటిదారి పట్టింది. అందరినీ అనుమానించే మనిషి తనను తాను వదిలిపెడుతుందా?

ఇప్పుడు రాజులు లేరు. మీరే రాజులని మనకు చెబుతుంటారు. తెర మాత్రం ఎక్కడికీ పోలేదు, అరచేతిలో ఇమిడేంత చిన్నదైంది, అంతే. అది తియ్యతియ్యగా కథలు చెబుతూ, మధ్యలో ఎక్కడో "మీకు సమ్మతమేనా?" అని అడుగుతుంది. చదవకుండానే వేలితో ఊఁ అనేస్తాం. ఆ తర్వాత ఎవరి గుట్టకు కంచె పడిందో మనకు తెలియదు, మన గుట్టకు పడేదాకా.

నీతి ఏమిటంటే, ఎవరు చెబుతున్నారో, ఎందుకు చెబుతున్నారో అడగకుండా ఊఁ కొట్టేవాడు సింహాసనం మీద కూర్చున్నా ఇంకొకరి ఏలుబడిలోనే ఉంటాడు.