హంస మెడ కింద బండమ్మ

తునిలో డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరైన జోగారావు గారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. "పద, అలా తిరిగొద్దాం" అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు. తిరిగొచ్చేసరికి అడిగినవాడికి జవాబైనా దొరికేది, లేదా అడిగిన సంగతైనా మరిచిపోయేవాడు. రెండూ మాస్టారికి సమ్మతమే.

ఆయన దగ్గరికి శిష్యులు వచ్చేది బొమ్మలు నేర్చుకోవడానికి కాదు, పాత కార్లను చూడడం నేర్చుకోవడానికి. నవ్వకండి, అదీ ఒక విద్యే. జమీందార్ల రోజుల్లో ఓడల మీద వచ్చి, ఈ చుట్టుపక్కల రోడ్ల మీద దర్జాగా తిరిగి, ఆనక అందరూ మరిచిపోయిన కార్లు ఎక్కడికీ పోలేదని, వేషం మార్చుకుని మన మధ్యే బతుకుతున్నాయని మాస్టారి నమ్మకం. తేటగుంట రోడ్డులో చెరుకురసం అమ్మే బండికి ముందు భాగం ఒక హిల్‌మన్ కారుది. బజారు మంగలి షాపులో గడ్డానికి వచ్చినవాళ్ళు వంతు కోసం కూర్చునే సోఫా ఒక ఆస్టిన్ కారు వెనకసీటు. ఊరంతా ఏళ్ళ తరబడి దానిమీద కూర్చుని పేపరు చదివింది తప్ప, కింద ఏముందని ఒక్కరూ వంగి చూడలేదు. మాస్టారి శిష్యుడొకడు వంగి చూశాడు.

ఈ విద్యకు నియమాలు కూడా ఉండేవి. బండి కనబడితే కొనకూడదు, బేరమాడకూడదు. చూడాలి, దాని అసలు పేరేమిటో సొంతదారుకు చెప్పాలి, నమస్కారం పెట్టి వచ్చేయాలి. అప్పుడు మాస్టారు వెళ్ళి ఆ బండి బొమ్మ బొగ్గుతో గీసి, కింద కనిపెట్టినవారి పేరు రాసి, తన వరండా గోడకు తగిలించేవారు. ఆ గోడ మీదికి ఎక్కడమంటే శిష్యులకు పట్టాభిషేకం జరిగినంత సంబరం.

ఎక్కనివాడు ఒక్కడే మిగిలాడు, భీమశంకరం. పాపం, అతను కష్టపడని రోజు లేదు. విదేశీ కార్ల పుస్తకాలన్నీ తెప్పించుకున్నాడు. ఏ కారు రేడియేటరు మూత మీద ఏ బొమ్మ ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. సెలవొస్తే మోటారుసైకిలెక్కి కోటనందూరు దాకా పోయి, పాడుబడ్డ రైసుమిల్లులన్నీ గాలించి, బట్టలకు పల్లేరుకాయలు అంటించుకుని తిరిగొచ్చేవాడు. ఒక్క బండీ కనబడలేదు. దానికి తోడు అతనిది కళ్ళజోళ్ళ షాపు. "ఊరందరికీ చూపు అమ్ముతావు, నీకో జత ఉంచుకోలేకపోయావా" అని మిగతా శిష్యులు ఆటపట్టిస్తుంటే పైకి నవ్వేవాడు గాని, లోపల ఉడికిపోయేవాడు.

ఒక ఆదివారం వరండాలో కొత్త బొమ్మ తగిలించారు. నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి పేరు దానికింద ఉంది. అందరూ వెళ్ళిపోయాక భీమశంకరం ఆగిపోయాడు.

"మాస్టారండీ, అందరికీ కనబడుతున్నాయి, నాకెందుకు కనబడవండీ? ఈ విద్య నాకు రాదంటే మొహమాటం లేకుండా చెప్పేయండి, ఈ రోజుతో మానేస్తాను" అన్నాడు. నిజంగానే మానేద్దామని వచ్చాడు, పుస్తకాలు ఎవరికివ్వాలో కూడా అనుకుని వచ్చాడు.

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. "పద, మీ ఇంటికి వెళ్దాం. మీ ఆవిడ కాఫీ బాగా పెడుతుందని విన్నాను."

భీమశంకరానికి ఒళ్ళు మండింది. ప్రాణం ఉగ్గబట్టుకుని ప్రశ్న అడిగితే ఈయనకు కాఫీ కావలసివచ్చింది. అయినా గురువు కదా, మోటారుసైకిలు వెనక ఎక్కించుకుని తీసుకెళ్ళాడు.

భీమశంకరం భార్య మంగతాయారు మాస్టారిని చూసి సంబరపడిపోయింది. కాఫీతోపాటు వేడివేడిగా ఉల్లి పకోడీలు కూడా పెట్టింది. మాస్టారు పకోడీ కొరుకుతూ గోడ మీది పెళ్ళి ఫొటో వైపు చూశారు. ఊరేగింపులో తీసిన ఫొటో. రేకుతో చేసిన పెద్ద తెల్లహంస, దాని రెక్కల మధ్య సింహాసనం లాంటి సీటు, సీటులో దండల బరువుకు వంగిపోయిన దంపతులు.

"మీ ఊరేగింపు బాగా జరిగిందా అమ్మా?" అని అడిగారు.

ఆ మాట కోసమే ఇన్నాళ్ళూ కాచుకుని ఉన్నట్టు తాయారు పీట లాక్కుని కూర్చుంది. "బాగానా మాస్టారండీ! హంస కళ్ళలో ఎర్రబల్బులు, ముందు బ్యాండు మేళం. బండి బయల్దేరే ముందు ఏమైందంటే..."

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నాడు భీమశంకరం. "ఆ హంస కథ తెలుసులేవే. మాస్టారికెందుకు అవన్నీ?"

ఏటా పెళ్ళిరోజున ఆ కథ మొదలయ్యేది, ఏటా "తెలుసులే" దగ్గర ఆగిపోయేది. తాయారు మొహం చిన్నబోయింది. పళ్ళెం తీసుకుని లేవబోయింది.

"నాకు తెలీదమ్మా, నువ్వు చెప్పు" అన్నారు మాస్టారు.

ఆమె మళ్ళీ కూర్చుంది. "బయల్దేరే ముందు డ్రైవరు వచ్చి హంస మెడ కింద చిన్న రేకు తలుపు తెరిచాడండి. లోపల అరచెయ్యంత దేవుడు. ఆ దేవుడికి పసుపు రాసి బొట్టుపెట్టి మళ్ళీ మూసేయబోతుంటే, నేను ఆగమని చెప్పి దిగిపోయాను. పెళ్ళికూతురు బండి దిగిపోయిందని మా అత్తగారు ఒకటే గోల! దిగి దణ్ణం పెట్టుకుని ఎక్కాను. ఇప్పటికీ నాకు ఆ దేవుడెవరో తెలీదు మాస్టారండీ. నరసింహస్వామికి మనిషి ఒళ్ళు, సింహం తల కదా? ఈయనకు అది తలకిందులు. సింహం ఒళ్ళు, మనిషి తల. కాళ్ళు ముందుకు చాపుకుని కూర్చున్నాడు."

భీమశంకరం చేతిలో పకోడీ చేతిలోనే ఉండిపోయింది.

"ఎక్కడ కూర్చున్నాడు?" అన్నాడు.

"చెప్పానుగా, హంస మెడ కింద. గుండ్రటి మూతలాంటి దాని మీద."

అతను ఒక్క ఉదుటున లేచి గోడ మీది ఫొటో ఊడబెరికాడు. షాపులో వాడే భూతద్దం తెచ్చాడు. ఇన్నేళ్ళుగా అందులో తన మీసం, తాయారు పాపిడిబిళ్ళ తప్ప ఇంకేమీ చూసినవాడు కాడు. ఇప్పుడు హంస రెక్క కింద నల్లటి వంపు తిరిగిన మడ్‌గార్డు కనబడింది, దానికింద కమ్మీల చక్రం కనబడింది. "అయ్యో, అయ్యో" అంటూ గదంతా తిరిగాడు. తాయారు భయపడింది. మాస్టారు రెండో కాఫీ అడిగారు.

అరగంటలో ముగ్గురూ ఆటోలో తాండవ నది వంతెన దాటి పాయకరావుపేట చేరారు. వాళ్ళ పెళ్ళికి హంసబండి అద్దెకిచ్చిన బ్యాండు మేళం నూకరాజు షాపు వెనక, రేకుల షెడ్డులో హంస పగటిపూట కళ్ళు ఆర్పుకుని నిలబడి ఉంది. విషయం విని నూకరాజు తెల్లబోయాడు.

"కారేటండి బాబూ? మా నాన్న కాడినుంచీ ఇది హంసేనండి. ఇంజను పోతే మా నాన్నే డీజిలు ఇంజను ఎక్కించాడు. మిగతాదంతా ఎప్పట్నుంచో అలాగే ఉంది." అంటూనే హంస మెడ కింద రేకు తలుపు తెరిచాడు. "ఈవిడ మా బండమ్మండి. బొట్టెట్టకుండా ఒక్క పెళ్ళీ కదల్లేదు."

లోపల బండమ్మ ఉంది. పసుపు మీద పసుపు, కుంకుమ మీద కుంకుమ పేరుకుని ముక్కు మొహం పూడిపోయాయి. కానీ చాపిన సింహం కాళ్ళు, నిటారుగా ఎత్తిన మనిషి తల తెలుస్తూనే ఉన్నాయి. కార్ల పుస్తకాల్లో ఎక్కడ చూసినా భీమశంకరం వేలు ఆగే రేడియేటరు మూత బొమ్మ అది.

"ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ" అన్నాడు మెల్లగా, మంత్రం చెప్పినట్టు. తర్వాత గట్టిగా అరిచాడు. "ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీ కారు మాస్టారండీ! ఇందులోనే ఊరేగానండీ నేను!"

ఆ తర్వాత అతన్ని పట్టడం ఎవరితరం కాలేదు. పంచె మాసిపోతుందని కూడా చూడకుండా బండి కిందికి దూరాడు, పైకొచ్చాడు, నూకరాజును కావలించుకున్నాడు, మళ్ళీ దూరాడు. రేకు హంసను విప్పేసి అసలు బండిని బయటికి తీద్దామన్నాడు. నూకరాజు రెండు చేతులూ అడ్డంపెట్టాడు. "హంస తీసేత్తే నన్ను ఏ పెళ్ళికి పిలుత్తారండి బాబూ?" నియమం గుర్తొచ్చి భీమశంకరం నాలుక కరుచుకున్నాడు. బండి అసలు పేరు నూకరాజుకు చెప్పి, హంసకూ బండమ్మకూ కలిపి నమస్కారం పెట్టాడు. ఆ పేరు పలకబోయి నూకరాజుకు నోరు తిరగలేదు. "బండమ్మే బాగుందండి" అన్నాడు. అందరూ నవ్వారు, తాయారు అందరికంటే ఎక్కువ నవ్వింది.

మాస్టారు అక్కడే ఒక డ్రమ్ము మీద కూర్చుని బొగ్గుతో బొమ్మ గీశారు. హంసను హంసలాగే గీశారు, మెడ కింద తలుపు మాత్రం తెరిచి ఉంచారు. గీయడమయ్యాక బొగ్గు ఆపి భీమశంకరం వైపు చూశారు. కింద పేరు రాయాలి.

ఇన్నేళ్ళూ అతను ఎదురుచూసిన క్షణం అదే. సంతోషంలో ఒక్కసారి నోరు తెరిచాడు కూడా. అంతలో అతని చూపు తాయారు మీద పడింది. ఆమె చీరకొంగుతో బండమ్మ మొహం మీది దుమ్ము జాగ్రత్తగా తుడుస్తోంది.

"నా పేరు కాదండి" అన్నాడు. "ఆవిడది రాయండి."

మాస్టారు ఇంపైన అక్షరాలతో 'మంగతాయారు' అని రాశారు. తాయారు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, బొగ్గు చెరగకుండా పట్టుకుని దానికేసి చూస్తూ నిలబడిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు మాత్రం ఆగలేదు. ఆ మొహం చూస్తుంటే తన పేరు గోడ ఎక్కలేదన్న దిగులు భీమశంకరానికి ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

ఆటో కోసం నిలబడినప్పుడు అతను మాస్టారిని పక్కకు పిలిచాడు. "ఇదంతా మీకు ముందే తెలుసాండీ?"

"పోయినేడు కూరల బజారులో మీ ఆవిడ కనబడి, సింహం ఒళ్ళు మనిషి తల ఉన్న దేవుడెవరని నన్నడిగింది. మీ ఆయనకు బాగా తెలుసమ్మా, ఆయన్నే అడగమన్నాను. అడగబోతే 'తెలుసులే' అన్నావటగా."

భీమశంకరం తలవంచుకున్నాడు. తలెత్తి, "మరి నా ప్రశ్నకు జవాబు చెప్పనేలేదు మాస్టారండీ" అన్నాడు, నవ్వుతూనే.

మాస్టారు ఆటో ఎక్కి, ధోవతి సర్దుకుని కూర్చున్నారు.

"ఆ రోజు బండి దిగి మరీ మొక్కుకుంది కదా, ఏం మొక్కుకుందో నాకు చెప్పలేదు నాయనా. ఇంటికెళ్ళి నువ్వడుగు."