గుంతలో పడిన ఆకు

తుమ్మెదకోన అడవిలో ఇప్పుడెవరూ ఆకుల మీద ఉత్తరాలు రాయడం లేదు. ఒకప్పుడు రాసేవాళ్లు. అబ్బ, ఎంత బాగుండేవో ఆ రోజులు! మోదుగాకు మీద ముక్కుతోనో గోరుతోనో నాలుగు మాటలు గీకి ఇస్తే, గోరింక మోసుకుపోయేది. ఆకు వచ్చిన ఇంట్లో ఆ రోజు పండగే.

వాగుకు ఇవతల కొండ మీద పింఛయ్య అనే నెమలి ఉండేవాడు. అవతల చెరువు గట్టున సూదమ్మ అనే ముళ్లపంది, తెల్లక్క అనే ముసలి కొంగ ఉండేవారు. తెల్లక్క వలస పక్షి. తొలకరికి వచ్చి, వానలు తగ్గాక వెళ్లిపోయేది.

చెరువు గట్టుకు వచ్చే ఆకులన్నీ చారమ్మ అనే ఉడుత చేతికి చేరేవి. చదవదగ్గవి బుట్టలో పెట్టేది. పనికిరానివి గుంతలో పడేసేది. ఎవరి ఆకుకు వాళ్ల గుర్తు ఉండాలి. సూదమ్మ తన ముల్లుతో చిన్న చిల్లు పొడిచేది. పింఛయ్య గోటితో మూడు గీతలు గీసేవాడు.

సూదమ్మ నెలకొక ఆకు రాసేది. అదీ ముందుగా, "రాయమంటారా?" అని అడిగి. చెరువులో నీళ్లెంత ఉన్నాయో, పుట్టతేనె ఎక్కడ దొరుకుతుందో చెప్పేది. వద్దన్నవాళ్లకు మళ్లీ రాసేది కాదు.

పింఛయ్యకు తన నాట్యమంటే తగని మోజు. "నేడే నా నాట్యం! తప్పక రండి!" అని రోజుకు నలభై ఆకులు గీకేవాడు. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ పంపేవాడు.

"వద్దు మామా, గూడంతా నీ ఆకులే," అని కుందేలు మొత్తుకుంది.

"నా నాట్యం వద్దనేవాళ్లుంటారా?" అని పింఛయ్య మెడ ఎగరేసి, మరునాడు రెండు ఆకులు ఎక్కువ పంపాడు.

క్రమంగా ఆయన నాట్యానికి ఎవరూ రావడం మానేశారు. అప్పుడు పింఛయ్యకు వంకర బుద్ధి పుట్టింది. దారిలో రాలిన సూదమ్మ ముల్లు ఒకటి ఏరుకుని, తన ఆకులకు ఆమె గుర్తు పొడిచాడు. చారమ్మ ఒకటి రెండు ఆకులకు మోసపోయింది. మూడోదానికి పట్టేసింది. "ఇంత ఘోరమా!" అంటూ ఆ రోజు నుంచి కొండ మీంచి వచ్చిన ఆకునల్లా చదవకుండానే గుంతలో వేయసాగింది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టే వేళకు తెల్లక్క రెక్కలు బాగా సన్నగిల్లాయి. "ఈసారి వెళ్తే మళ్లీ రాలేను," అని సూదమ్మతో చెప్పింది. ఆ మాట గోరింక నోట పింఛయ్యకు చేరింది.

పింఛయ్యకు పాత రోజులు గుర్తొచ్చాయి. తోకలో మూడే ఈకలున్న పసితనంలో ఆయన తొలిసారి ఆడినప్పుడు అందరూ నవ్వారు. తెల్లక్క ఒక్కతే ఒంటికాలి మీద నిలబడి చివరిదాకా చూసింది. వెళ్దామంటే చివరి వానలకు వాగు పొంగి పొర్లుతోంది. ఆయన అంత దూరం ఎగరలేడు.

జీవితంలో మొదటిసారి ఒకే ఒక ఆకు రాశాడు. "అక్కా, నిన్ను చూడాలనుంది. వెళ్లే ముందు ఒక్కసారి కొండ మీదుగా రా. నీకోసం ఆడతాను." ఆకు మడిచి, పైన తెల్లక్క పేరు రాసి, కింద తన మూడు గీతలు పెట్టాడు.

నాలుగు రోజులు ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నాడు. తెల్లక్క రాలేదు.

అయిదో రోజు వాగు తగ్గింది. పింఛయ్య పరుగున చెరువు గట్టు చేరాడు. రెల్లులో గూడు ఖాళీగా ఉంది.

"నిన్న పొద్దున్నే వెళ్లిపోయింది మామా," అంది చారమ్మ. "మొన్న సూదమ్మ ఆకు అందగానే వాళ్లింటికి వచ్చి, రోజంతా కబుర్లు చెప్పి మరీ వెళ్లింది."

"నా గురించి ఏమైనా అడిగిందా?"

"రోజూ అడిగింది. పింఛయ్య నాకంటూ ఒక ఆకు రాశాడా అని. లేదన్నాను. కొండ ఆకులన్నీ చదవకుండానే గుంతలో వేస్తున్నానుగా."

పింఛయ్య గుంతలోకి దిగాడు. తన రాతలే వందలకు వందలు. వాటి మీదే తెల్లక్క పేరున్న ఆకు దొరికింది. ఎవరూ విప్పలేదు. దాన్ని చూసి ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చారమ్మా ఏడ్చింది. కానీ వెళ్లిన కొంగ తిరిగి రాలేదు.

నీతి: అడగనివారికి ఊరికే పంపి, పరుల గుర్తుతో మోసం చేసేవారి మాట విలువ పోతుంది, అప్పుడు మనసారా రాసిన మాట కూడా చెత్తలోనే కలుస్తుంది.