పంతులమ్మ వంకర రాత

ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు అప్పలాచార్యులుగారికి లేదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని అప్పజెప్పి ఊరుకునేవారు. ఆయన దగ్గర చదువుకుని, ఆయన రిటైరయ్యాక అదే బడిలో పంతులమ్మ అయిన సుగుణకి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసీ అడిగింది.

"మాస్టారూ, బడిలో మళ్ళీ చేతిరాత గంట పెట్టమన్నారు. నోటితో చెబితే రాసిపెట్టే యంత్రాలు వచ్చాక ఇదెందుకని పిల్లలు అడిగితే ఏం చెప్పను? మూడో తరగతి పైడితల్లి అయితే పెన్సిలే ముట్టుకోదు. సోమవారంలోగా ఒక్క వాక్యమైనా రాయకపోతే ఒకటో తరగతిలో కూర్చోబెడతానన్నారు హెడ్మాస్టరుగారు. ఆ సిగ్గుకి అది బడే మానేస్తుంది."

"రేపు నేనొస్తాను. తెర ఆపేసి నల్లబల్ల మీద నువ్వు రాయి," అన్నారాయన.

సుగుణ సుద్దముక్క పట్టుకుని ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ గోడమీది తెరే ముత్యాల్లాంటి అక్షరాలు చూపించేది. మీట నొక్కడమే ఆమె చేతికున్న పని. మర్నాడు "మా ఇంట్లో మేకపిల్ల పుట్టింది" అని మొదలుపెట్టిందో లేదో అక్షరాలు వంకర తిరిగాయి. వాక్యం కొండ దిగుతున్నట్టు కిందికి జారిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. తుడిచేద్దామని చూస్తే డస్టరు మాస్టారి ఒళ్ళో ఉంది. అడిగినా ఇవ్వలేదాయన.

సుగుణకి రోషం వచ్చింది. ఆ వాక్యమే దాని కింద మళ్ళీ రాసింది. మళ్ళీ వంకరే. మూడోసారి కాస్త నిలబడింది. నాలుగోసారికి నవ్వులు ఆగిపోయాయి. అయిదోది రాస్తుండగా వెనక వరుసలోంచి పైడితల్లి లేచి నల్లబల్ల దగ్గరికొచ్చింది. మొదటి వాక్యాన్ని చాలాసేపు చూసింది.

"టీచరుగారండీ, మీది కూడా నాలాగే వంకరొచ్చీసింది," అంది.

"అవునే. ఇంకోటి రాస్తాను. నువ్వూ రాయి."

పిల్ల సుద్దముక్క అడిగి తీసుకుంది. ఒక 'మ' గుమ్మడికాయంత, ఇంకో 'మ' గోరంత. చోటు చాలక చివరి మాట గోడ మీద రాసి మరీ పూర్తిచేసింది. సుగుణకి ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

బడి విడిచాక, "రేపటికి ఇంట్లో బాగా దిద్దుకుని వస్తానండీ," అంది సుగుణ మాస్టారితో.

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "ఇంట్లో ఎందుకమ్మా? వాళ్ళ ముందే దిద్దుకో," అన్నారు.