ఆరుగురి తెప్ప

వెదురుకోన అనే అడవిని రెండుగా చీలుస్తూ బండలేరు పారేది. ఏటికి ఈ ఒడ్డున జింకలు, కుందేళ్ళు, ముళ్ళపందులు, అడవిపందులు ఉండేవి. అవతలి ఒడ్డున తీయని దుంపలు, రేగుపళ్ళు, లేతగడ్డి దొరికేవి. ఏరు వెడల్పు తక్కువే కానీ లోతు ఎక్కువ. నడుమ ఉన్న బండల దగ్గర నీళ్ళు సుడి తిరిగేవి. ఈదుకుంటూ పోదామని దిగిన జంతువు ఏదీ తిరిగి రాలేదు.

అందుకని తరణి అనే నీటికుక్క అక్కడ వెదురుతెప్ప నడిపేది. రెండు ఒడ్లనూ కలుపుతూ ఒక మోకు కట్టి ఉండేది. గండయ్య అనే ముసలి కొండముచ్చు తెప్ప మీద నిలబడి ఆ మోకును పట్టి లాగేవాడు. తరణి నీళ్ళలో ఈదుతూ వెనక నుంచి తోసేది. ఒకసారి దాటించినందుకు ఒక్క దుంప తీసుకునేది. తెప్ప మీదికి ఆరుగురికి మించి ఎక్కనిచ్చేది కాదు.

బయలుదేరే ముందు తరణి ప్రతిసారీ ఏటి నీళ్ళు కళ్ళకద్దుకునేది. తర్వాత తెప్ప చుట్టూ తిరిగి ఒక్కొక్క ముడినీ లాగి చూసేది. తీగ కాస్త చివికినట్టు కనిపిస్తే చాలు, ఆ రోజంతా తెప్ప ఆపేసి కొత్త తీగ కట్టేది.

"నిన్ననే చూశావుగా తరణమ్మా, మళ్ళీ ఎందుకు?" అని ఒక ముళ్ళపంది విసుక్కుంది.

"ఎక్కేవాళ్ళు ముడులు చూడరు. నన్ను చూసి ఎక్కుతారు. వాళ్ళ బదులు నేనే చూడాలి. నాకు ఇదే పూజ" అంది తరణి.

ఆ ఏడు వేసవి మొదట్లో చతురుడు అనే నక్క కూడా ఒక తెప్ప కట్టాడు. అది తరణి తెప్పకు రెండింతలు ఉంది. దాని చుట్టూ నెమలి ఈకలు గుచ్చి, మోదుగుపూల దండలు వేలాడదీశాడు. గడలు వేయడానికి రెండు కోతులను పెట్టుకున్నాడు. కట్టిన తీగలు మాత్రం ఎప్పుడో రాలిపడి ఎండిపోయినవి. వాటిమీద ఎర్రమట్టి మెత్తితే కొత్తవాటిలాగే కనిపించాయి.

"రండి, రండి! సగం దుంప ఇస్తే చాలు. పన్నెండు మంది ఒకేసారి ఎక్కొచ్చు. ముడులు చూసేదాకా ఎండలో నిలబడే పని లేదు!" అని చతురుడు కేకలు వేశాడు.

జంతువులు అటు పరుగెత్తాయి. నాలుగు రోజుల్లో తరణి తెప్ప దగ్గర వరుస పలచబడింది. పది రోజులకు అందరూ రావడం మానేశారు. సాయంత్రానికి గండయ్యకు పెట్టడానికి ఒక్క దుంపైనా ఉండేది కాదు.

"అమ్మా, మనమూ పది మందిని ఎక్కిద్దాం. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా" అన్నాడు గండయ్య. ఆకలికి అతని గొంతు నీరసంగా పలికింది.

ఆ మధ్యాహ్నం ఏడు జింకలు కలిసి వచ్చాయి. "ఏడుగురినీ తీసుకెళితేనే ఎక్కుతాం" అన్నాయి. తరణి గండయ్య ముఖంలోకి చూసింది. తల వంచుకుని "ఎక్కండి" అంది.

తెప్ప నాలుగు బారలు సాగింది. నీళ్ళు వెదుళ్ళ మీదికి పాకాయి. ఒక ముడి కీచుమంది. వెంటనే తరణి "గండయ్యా, వెనక్కి లాగు!" అని అరిచింది.

ఒడ్డుకు రాగానే ఏడు జింకలూ తిట్టుకుంటూ చతురుడి తెప్ప ఎక్కి వెళ్ళిపోయాయి. అవి క్షేమంగా అవతలికి చేరాయి కూడా. చతురుడు అటు ఒడ్డు నుంచి పగలబడి నవ్వాడు. తరణికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆ కీచుమన్న ముడిని విప్పి, కొత్త తీగతో మళ్ళీ కట్టింది.

వేసవి ముదిరింది. ఒకనాడు మిట్టమధ్యాహ్నం కొండవైపు నుంచి నల్లటి పొగ లేచింది. ఎండిన వెదుళ్ళు పటపటమని పేలడం వినిపించింది. గాలి ఏటివైపే వీస్తోంది.

"కార్చిచ్చు! కార్చిచ్చు!" అని నెమళ్ళు అరుస్తూ ఎగిరిపోయాయి.

కాసేపట్లో అడవి అంతా రేవు దగ్గరికి వచ్చి పడింది. పిల్లల్ని నోట కరుచుకున్నవి కొన్ని, కుంటుతూ వచ్చినవి కొన్ని. వెనక మంట, ముందు నీళ్ళు.

చతురుడు తెప్ప మధ్యలో పెద్ద గంప పెట్టుకుని నిలబడ్డాడు.

"ఈరోజు సగం దుంప కాదు. ఇంట్లో దాచుకున్నదంతా తెచ్చి ఈ గంపలో పోసినవాళ్ళే ఎక్కుతారు!"

"అన్యాయం చతురుడా! నిన్నటిదాకా సగం దుంపేగా?" అంది ఒక ముసలి జింక.

"నిన్న మంటలు లేవుగా!" అన్నాడు చతురుడు.

జంతువులు బొరియలకు పరుగులు తీశాయి. దాచిన దుంపలు, తేనెపట్లు, ఎండు రేగుపళ్ళు మోసుకొచ్చి గంపలో పోశాయి. చతురుడు ఎవరినీ కాదనలేదు. పన్నెండు మంది ఎక్కారు, పదిహేను మంది ఎక్కారు, ఇరవై మంది ఎక్కారు. ఈ తెప్ప మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. అందుకే ఒకరినొకరు నెట్టుకున్నారు, తొక్కుకున్నారు.

పక్క రేవులో తరణి కళ్ళకు నీళ్ళద్దుకుని, ముడులు లాగి చూసింది.

"ఈరోజు దుంపలేమీ వద్దు. పిల్లలున్న తల్లులు ముందు రండి. ఆరుగురే!"

మొదటి ఆరుగురు దాటారు. తెప్ప తిరిగొచ్చింది. మరో ఆరుగురు ఎక్కారు. అప్పుడే దంతుడు అనే అడవిపంది జనాన్ని తోసుకుంటూ వచ్చి తెప్ప మీద కాలు పెట్టాడు. తెప్ప ఒక పక్కకు ఒరిగింది. కుందేళ్ళు కెవ్వుమన్నాయి.

"దంతుడా, దిగు! నువ్వు ఎక్కితే అందరూ మునుగుతారు" అంది తరణి.

"మంట చూశావా? ఇంకాసేపట్లో ఇక్కడుంటుంది!"

"చూశాను. వచ్చేసారి మొదట ఎక్కేది నువ్వే. మాట ఇస్తున్నాను."

దంతుడు వెనక్కి తిరిగి పొగను చూశాడు. తరణి కళ్ళలోకి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ కళ్ళు తనకు ఒక్క అబద్ధం చెప్పలేదు. అతడు రొప్పుతూ కాలు వెనక్కి తీసుకున్నాడు. అంత పెద్ద పంది ఆగడం చూసి, వెనకనున్నవాళ్ళు కూడా వరుసలో నిలబడ్డారు.

తరణి రెండో జట్టును దించి, ఖాళీ తెప్పతో తిరిగి వస్తోంది. సరిగ్గా అప్పుడే చతురుడి తెప్ప ఏటి నడుమకు చేరింది. బండల దగ్గర సుడి దాన్ని ఒక్క కుదుపు కుదిపింది. మట్టి కరిగిపోయి, చివికిన ఎండుతీగలు పుటుక్కున తెగాయి. వెదుళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఇరవై మందీ నీళ్ళలో పడ్డారు. గడలు వేసే కోతులు ఎలాగో తరణి మోకును అందుకుని వేలాడుతున్నాయి.

"కాపాడండి!" అన్న అరుపులు ఏటి హోరులో కలిసిపోయాయి.

తరణి ఒక్క క్షణం ఆగిపోయింది. ఒడ్డున ఇచ్చిన మాట ఉంది. నీళ్ళలో ప్రాణాలు పోతున్నాయి. అప్పటికే రేవు పక్క పొద అంటుకుంది.

"దంతుడా! నీకు మాట ఇచ్చాను!" అని గొంతు చించుకుని అరిచింది.

"నా వంతు వాళ్ళకిచ్చాను! నువ్వు వెళ్ళు!" అని దంతుడు అరిచాడు. మిగిలినవాళ్ళ వైపు తిరిగి, "అందరూ నీళ్ళలోకి దిగండి! మెడలోతు దాకా రండి! మోకు పట్టుకోండి, వదలొద్దు!" అన్నాడు. పిల్లజంతువులను తన వీపు మీదికి ఎక్కించుకున్నాడు.

తరణి తెప్పను సుడి అంచుకు తోసింది. గండయ్య చేతులు చాచి ఆరుగురిని పైకి లాగాడు. మిగిలినవాళ్ళకు తీగ విసిరాడు. వాళ్ళు తీగ పట్టుకుని తెప్ప వెంట తేలుతూ వచ్చారు. అందని వాళ్ళ కోసం తరణి మళ్ళీ మళ్ళీ మునిగి వెతికింది.

కొంచెం దూరంలో చతురుడు కనిపించాడు. రెండు కాళ్ళతో గంపను కౌగిలించుకుని గిరగిరా తిరుగుతున్నాడు.

"గంప వదులు!" అని అరిచింది తరణి.

"ఇదంతా నా సంపాదన!"

"నిన్ను లోపలికి లాగుతోంది! వదులు!"

చతురుడు వదల్లేదు. గంప మునిగింది, దాని వెంట అతని తలా మునిగింది. తరణి లోపలికి దూకి అతని మెడను పళ్ళతో పట్టి గుంజింది. అప్పుడు గాని గంప అతని కాళ్ళ నుంచి జారిపోలేదు.

దొరికినవాళ్ళందరినీ అవతలి ఒడ్డుకు చేర్చాక తరణి లెక్క చూసుకుంది. రెండు కుందేళ్ళు లేవు. ఎంత వెతికినా దొరకలేదు. ఒక చిన్న కుందేలు ఒడ్డు వెంట పరుగెత్తుతూ "అన్నా! అన్నా!" అని పిలుస్తూనే ఉంది.

ఏడవడానికి సమయం లేదు. ఇవతలి ఒడ్డున మంట ఏటి దాకా వచ్చేసింది. తరణి, గండయ్య మూడుసార్లు తిరిగారు. మూడుసార్లూ ముడులు చూసుకునే బయలుదేరారు. మోకు పట్టుకుని నిలబడ్డ వాళ్ళంతా ఒక్కరూ తోసుకోకుండా ఎక్కారు. చివరిసారి దంతుడు ఒక్కడే మిగిలాడు. అతని వీపు మీది వెంట్రుకలు కమిలిపోయాయి, ముట్టె పొక్కులెక్కింది. అవతలికి చేరగానే ఇసుకలో కూలబడి, "బతికాను" అని మాత్రం అన్నాడు.

వానలు పడ్డాక వెదురుకోన మళ్ళీ పచ్చబడింది. జంతువులన్నీ తరణి దగ్గరికి వచ్చాయి.

"ఇకనుంచి మూడు దుంపలు తీసుకో తరణమ్మా. మేమే ఇస్తామంటున్నాం" అంది ముసలి జింక.

"ఒకటి చాలు. మీకు మనసుంటే ఇంకో తెప్పకు వెదురు కొట్టి పెట్టండి. ఈసారి ఆపద వస్తే ఎవరూ ఆగాల్సిన పని ఉండకూడదు" అంది తరణి. దంతుడే ముందు కదిలాడు. పది రోజుల్లో రెండో తెప్ప నీళ్ళలోకి దిగింది. దాని మోకు దంతుడే లాగేవాడు.

కొన్నాళ్ళకు చతురుడు కూడా ఒక కొత్త తెప్ప కట్టాడు. ఈసారి నిజంగానే పచ్చి అడ్డతీగ తెచ్చి, నానబెట్టి, పేని, గట్టిగా బిగించాడు. ఈకలు లేవు, పూలు లేవు.

"రండి! ముడులు మీరే లాగి చూసుకోండి! ఏమీ ఇవ్వక్కర్లేదు, ఊరికే దాటిస్తాను!" అని పిలిచాడు.

అన్నను పోగొట్టుకున్న చిన్న కుందేలు అటుగా వచ్చింది. చతురుడు ఆశగా పక్కకు జరిగి చోటు చేశాడు. కుందేలు ఆ తెప్ప వైపు చూసింది. ముందుకు నడిచి, తరణి రేవులో పొడవాటి వరుస చివర నిలబడింది.

చతురుడు సాయంత్రం దాకా కూర్చున్నాడు. ఆ రోజూ ఎవరూ రాలేదు, మర్నాడూ ఎవరూ రాలేదు.

నీతి: వ్యాపారానికి అసలైన పెట్టుబడి నమ్మకం; ఎదుటివారి ప్రాణాన్ని, మేలును దైవంగా చూసుకునేవారికే అది నిలుస్తుంది, లాభం కోసం దాన్ని పోగొట్టుకున్నవారికి ఎంత ఇచ్చినా తిరిగి రాదు.