తావ్ మిన్ అని పిలిస్తే

ఏమిటే ప్రణవీ, ఆ మూతి? మీ క్లాసులో ఇంకో ప్రణవి చేరితే నువ్వు పేరు మార్చేసుకుంటావా? బాగుంది సంబరం! ఇలా రా, ఈ అమ్మమ్మ పక్కన పడుకో. కాళ్ళు దుప్పట్లో పెట్టు. అబ్బ, ఏమిటే ఆ కాళ్ళు అంత చల్లగా!

అనగనగా చీనా దేశంలో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరి ఇంటిపేరూ తావ్. మనలాగే వాళ్ళకీ ఇంటిపేరే ముందు. ఆ ఊరి గుట్ట మీద పెద్దల చావడి అని ఒకటి ఉండేది. ఊరికి మేలు చేసినవాళ్ళు పోతే, వాళ్ళ పేరు చెక్క పలక మీద చెక్కి అందులో నిలబెట్టేవాళ్ళు. రోజూ ఆ పలక ముందు గిన్నెలో అన్నం పెట్టేవాళ్ళు.

ఆ చావడిలో మూడు పలకలున్నాయి. మొదటాయన ఏటికి కట్ట కట్టి ఊరు మునక్కుండా కాపాడాడు. ఆయన పేరు తావ్ మిన్. ఆ తర్వాత ఎన్నో తరాలకి ఒక వైద్యుడు పుట్టాడు. మశూచి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అవుతుంటే, ఇంటింటికీ తిరిగి మందు పోశాడు. ఆయన పేరూ తావ్ మిన్నే. ఆ తర్వాత మళ్ళీ ఎన్నో తరాలకి ఒక అధికారి. కరువులో రాజుగారి గాదెలు రాజునడక్కుండా తెరిచి జనానికి ధాన్యం పంచేశాడు. రాజు ఆయన తల తీయించాడు. అవునే, తలే! అలా కళ్ళు పెద్దవి చేయకు. ఆయన పేరేమిటో చెప్పు? ఆఁ, తావ్ మిన్!

ఇంకేం, ఆ పేరులోనే ఏదో ఉందనుకున్నారు ఊరివాళ్ళు. అప్పుడు ఏమైందంటే, ఒకే రోజు పక్కపక్క ఇళ్ళల్లో ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకడి తల్లి సూయిన్, ఇంకొకడి తల్లి మెయ్‌లీ. "మా వాడు తావ్ మిన్" అంది సూయిన్. "కాదు, మా వాడే తావ్ మిన్" అంది మెయ్‌లీ. జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ! పచ్చి బాలింతలు గోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి అరుచుకుంటుంటే ఊరంతా నోరెళ్ళబెట్టి చూసింది. చివరికి ఇద్దరికీ అదే పేరు పెట్టారు.

ఆ తర్వాత చాన్నాళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. మళ్ళీ కలిపింది పిల్లలే. ఎలాగంటావా? పొద్దుగూకేవేళ సూయిన్ వాకిట్లో నిలబడి "తావ్ మిన్, అన్నానికి రా!" అని కేకేసేది. ఇద్దరూ "వస్తున్నానమ్మా!" అంటూ పరిగెత్తుకొచ్చేవాళ్ళు. మెయ్‌లీ పిలిచినా అంతే. వచ్చినవాణ్ణి పొమ్మంటారా ఎక్కడైనా? ఇద్దరికీ పెట్టేవాళ్ళు. వెధవలు, రెండిళ్ళల్లోనూ తిని ఇంతెత్తున పెరిగారు.

అప్పుడు యుద్ధం వచ్చింది. ఇద్దర్నీ సైన్యంలోకి తీసుకుపోయారు. పొద్దుగూకేవేళ ఆ వీధిలో కేకలే లేకుండా పోయాయి.

ఆ తర్వాత ఒకనాడు రాజుగారి రౌతు గుర్రం మీద వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి గట్టిగా చెప్పాడు. "ఈ ఊరి తావ్ మిన్ వంతెన మీద ఒంటరిగా నిలబడి శత్రువుల్ని ఆపాడు. జనమంతా ఏరు దాటాక అక్కడే ప్రాణం వదిలాడు. చావడిలో నాలుగో పలక నిలబెట్టమని రాజుగారి ఆజ్ఞ!"

ఇద్దరు తల్లులూ కొయ్యబారిపోయారు. "ఏ తావ్ మిన్ బాబూ?" అని అడిగాడు ఊరి పెద్ద.

"ఏ తావ్ మిన్ ఏమిటి? ఎంతమందున్నారు?" అన్నాడు రౌతు. ఇద్దరని చెప్పగానే వాడి మొహం పాలిపోయింది. పాపం, వాడికి తెలిసింది ఊరి పేరూ, మనిషి పేరూ, అంతే. నీళ్ళైనా తాగకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

పలక చెక్కారు, నిలబెట్టారు. కానీ ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పలక ముందు మొదటి గిన్నె కన్నతల్లే పెట్టాలి. బతికున్నవాడికి గనక పొరపాటున పెట్టిందా, వాడి ఆయుష్షు తీరిపోతుందని వాళ్ళ భయం. ఇక ఎవరు పెడతారే? సూయిన్ గుట్ట వైపే చూడటం మానేసింది. మూడు పలకల ముందు అన్నం పొగలు కక్కుతోంది, నాలుగో పలక ముందు ఖాళీ నేల.

అప్పుడు ఒక పొద్దున మెయ్‌లీ లేచి, అన్నం వండి, అల్లం వేసి చేప వండి, గిన్నె పట్టుకుని గుట్ట ఎక్కింది. ఊరు ఊరంతా హడలిపోయింది. "హవ్వ! బతికున్నాడేమో! చేతులారా కొడుకుని చంపుకుంటావా వదినా?" అని అడ్డం పడ్డారు.

 అయినా మెయ్‌లీ ఆగలేదు. "నేను పిలిస్తే ఇద్దరూ వచ్చి తినేవాళ్ళు కదా. ఇప్పుడు ఒకడు ఆకలితో నిలబడి ఉంటే, మా వాడు కాదేమోనని తలుపేసుకోమంటారా?" అంది. గిన్నె పెట్టింది. రోజూ పెడుతూనే ఉంది.

సూయిన్ ఏం చేసిందో తెలుసా? లోపల్లోపల సంతోషించింది. అవునే, సంతోషించింది! అన్నం ఆవిడ పెట్టింది కదా, అయితే పోయినవాడు ఆవిడ కొడుకే, మా వాడు బతికే ఉంటాడని. తల్లి ప్రాణం మరి, ఏమనగలం?

ఆ తర్వాత వరి కోతలప్పుడు, మిట్టమధ్యాహ్నం, గడ్డం పెరిగిన మనిషొకడు కుంటుకుంటూ వీధిలోకి వచ్చాడు. చూసినవాళ్ళు దయ్యమనుకుని చేతిలో కొడవళ్ళు వదిలేసి పరిగెత్తారు! తల్లులిద్దరూ బయటికొచ్చారు. మెయ్‌లీ ఒక్కసారి చూసింది. వాడు సూయిన్ కొడుకు.

సూయిన్ వాణ్ణి పట్టుకుని బావురుమంది.  అంతలో గుంపులోంచి ఎవరో అన్నారు, "చెప్తే విన్నావా? నువ్వు పెట్టిన అన్నమే వాణ్ణి తీసుకుపోయింది!" అని. ఎంత మాటే అది! నోరా, తాటిమట్టా? మెయ్‌లీ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మర్నాడూ వెలిగించలేదు.

అప్పుడు సూయిన్ కొడుకు ఆ తలుపు దగ్గర కూర్చుని చెప్పాడు. "నేను ఒడ్డు నుంచి చూస్తుండగానే పోయాడమ్మా. ఆ రౌతు మన ఊరు రాకముందే పోయాడు. నీ అన్నం వాణ్ణేమీ చేయలేదు. ఆ పూట మేమేమీ తినలేదు. 'ఆకలేస్తోందిరా, ఇంటికెళ్ళాక ముందు మా అమ్మ పిలిస్తే బావుణ్ణు, అల్లం వేసిన చేప తినాలి' అన్నాడు. నా కాలు విరిగి శత్రువులకి చిక్కిపోయాను. లేకపోతే ఎప్పుడో వచ్చి చెప్పేవాణ్ణి."

లోపల్నుంచి ఏడుపు వినబడింది. తలుపు మాత్రం తీయలేదు.

ఆ తర్వాత పొద్దుగూకింది. సూయిన్ బియ్యం చేటా, చేపా పట్టుకుని వెళ్ళి తలుపు బాదింది. బాది బాది తీయించింది. తనే పొయ్యి రాజేసింది. పక్కన కూర్చుని మెయ్‌లీ చేత వండించింది. "ఇక పిలువు వదినా" అంది.

"ఎవర్ని పిలవను? నాకెవరున్నారు?" అంది మెయ్‌లీ.

"నీ కొడుకు పేరు మర్చిపోయావా? ఆ పేరే పెట్టి పిలువు!"

మెయ్‌లీ వాకిట్లోకి వచ్చింది.  గోడ పట్టుకుని, బలం కూడదీసుకుని పిలిచింది. "తావ్ మిన్... అన్నానికి రా!"

పక్కింట్లోంచి "వస్తున్నానమ్మా!" అని కేక. కుంటుకుంటూ, పడుతూ లేస్తూ, చిన్నప్పటిలాగే పరిగెత్తుకొచ్చాడు. వచ్చి మెయ్‌లీ పొయ్యి పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

ఏమిటే, ఏడుస్తున్నావా? నా కొంగు తడిపేశావు. ఏమంటున్నావ్? రేపు ఆ ప్రణవిని మన ఇంటికి అన్నానికి పిలుస్తావా? పిలువు తల్లీ, నాకేం, ఇంకో గుప్పెడు బియ్యం పడేస్తాను.

కథేమో కంచికి,
తావ్ మిన్ కంచానికి,
ఇద్దరు ప్రణవిలూ అమ్మమ్మ మంచానికి!